గులాబీ రంగు పొర

మూలమీది గడియారాల దుకాణంలో, మధ్యాహ్నం షట్టరు సగానికి దిగాక, కట్టుడు పళ్ళ సెట్లు చేసే అమ్మాయి తల్లి ఆ దుకాణదారుకు ఎదురుగా కూర్చుని పాలు కలపని టీ తాగుతుందని వీధి వీధంతా నమ్ముతుంది.

నమ్మకానికి సాక్షుల కరవేమీ లేదు. రొట్టెల కొట్టతను ఆమె అటు వెళ్ళడం చూశాడు. మేడ మీది ఆవిడ ఆమె తిరిగి రావడం చూసింది. వెళ్ళడానికీ రావడానికీ మధ్య జరిగినది ఎవరూ చూడలేదు గనుక, ఆ ఖాళీని అందరూ కలిసి పూరించుకున్నారు. ఎవరూ చూడని భాగమే ఎప్పుడూ అందరికీ బాగా జ్ఞాపకం ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లోనే రుజువు దొరికింది. భోజనాల బల్ల మీద, గాజు గిన్నెలో, నీళ్ళ అడుగున ఉంది అది.

"ఇది ఏ రంగు?" అన్నాడు కొడుకు, గిన్నెను చెల్లెలి వైపు జరుపుతూ. బడిలో లెక్కల మాస్టారు. పొరుగూరి నుంచి భార్యను వెంటబెట్టుకుని నిన్న సాయంత్రం దిగాడు. ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా కదలని అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

"గోధుమ," అంది చెల్లెలు.

"నువ్వు వేసినప్పుడు?"

"గులాబీ."

"గులాబీ గోధుమ కావాలంటే మధ్యలో ఏం తగలాలి? చెప్పు. నీ పనే కదా."

కట్టుడు పళ్ళు చేయడం ఆమె వృత్తి. గిన్నెలో ఉన్నది తల్లి కింది దవడ సెట్టు. చిగుళ్ళు అరిగి సన్నబడిపోవడంతో గట్టి సెట్టు ఒరుసుకుని తల్లికి పుండ్లు పడేవి. అందుకని చిగురుకు ఆనే వైపున రబ్బరులాంటి మెత్తటి పొర ఒకటి వేసింది కూతురు. వేసిన రోజున అది చంటిబిడ్డ చిగురులా ఉంది. ఇప్పుడు మరిగిన డికాషనులా ఉంది.

"నేనేమీ అనడం లేదు," అంది కోడలు, ఎవరూ అడగకుండానే. "అనేవాళ్ళు అంటున్నారు, నేను వింటున్నాను. అంతే."

"మీరు విన్నది నా దగ్గరే వదినా."

"అవునమ్మా. ఫోన్లో నువ్వేగా అన్నావు, అత్తయ్య పళ్ళ కింది పొర టీ రంగుకి తిరిగిందని."

"టీ రంగు అన్నాను. టీ అనలేదు."

"రెంటికీ పెద్ద దూరమా?"

"నిమ్మపండు రంగు గోడ అంటే, గోడకి నిమ్మకాయలు కాసినట్టా?"

"గోడ నోరు తెరిచి టీ తాగదుగా," అంది కోడలు.

చెల్లెలి వృత్తిలో రంగులన్నిటికీ తిండి పేర్లే. పాల తెలుపు, వెన్న తెలుపు, తేనె పసుపు. రోజూ వాడే మాట ఒకటి ఆ రోజు ఫోన్లో దొర్లింది. పొద్దున టీ రంగుగా బయలుదేరిన మాట మధ్యాహ్నానికి టీ మరకైంది, దీపాలు పెట్టేవేళకు టీ అయింది. మర్నాటికి టీ పోసినవాడు కూడా దొరికాడు. గోరంతను కొండంత చేయడానికి దుర్మార్గులే అక్కర్లేదు. ఒక్కొక్కరు ఒక్క అక్షరం వదిలేస్తే చాలు.

"పొద్దున నేను ఆ దుకాణానికి వెళ్ళాను," అన్నాడు కొడుకు.

చెల్లెలు తలెత్తింది. "ఎందుకు వెళ్ళావు?"

"మొహం మీదే అడిగాను. మా అమ్మ మీ దగ్గరికి వస్తోందా అని."

"ఆయనేమన్నారు?"

కొడుకు గిన్నె వంక చూశాడు. "కూర్చోండి, టీ తాగుతారా అన్నాడు."

కోడలు గబుక్కున మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వలేదండీ. పొలమారింది."

"తాగావా?" అంది చెల్లెలు.

"నేనెందుకు తాగుతాను? రావడం లేదు అని ఒక్క ముక్క అంటే వచ్చేసేవాణ్ణి. అనలేదు. ఇక్కడ అమ్మ కూడా అనడం లేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు."

అందరూ కిటికీ వైపు చూశారు. అక్కడ ఎత్తుపీట మీద తల్లి కూర్చుని ఉంది. చేతిరుమాలు నోటికి అడ్డంగా పట్టుకుని వీధిలోకి చూస్తోంది.

పెద్దలు ఆ మాట అన్నది పళ్ళున్న వాళ్ళను గురించి. తల్లి పళ్ళు గిన్నెలో ఉన్నాయి. సెట్టు పెట్టుకోకుండా ఆమె ఎవరి ఎదుటా పెదవి విప్పి ఎరగదు. కూతురు కొలతలు తీసుకునేటప్పుడు కూడా కళ్ళు మూసుకునేది, తనకు కనిపించకపోతే ఎదుటివాళ్ళకూ కనిపించదన్నట్టు. న్యాయస్థానం రుజువును స్వాధీనం చేసుకుంది. దానితోపాటే ముద్దాయి నోరు కూడా తమ చేతికి వచ్చేసిందని ఎవరికీ తట్టలేదు.

చివరికి కూతురికే తట్టింది. "అన్నయ్యా, సెట్టు ఇక్కడుంటే అమ్మ ఎలా మాట్లాడుతుంది?"

"తల ఊపచ్చుగా."

"తల ఊపడానికి పళ్ళక్కర్లేదు," అంది కోడలు.

అది నిజమే. కూతురిని లోలోపల తొలుస్తున్నదీ అదే. అడ్డంగా ఒక్కసారి ఊపితే ఈ గొడవంతా తేలిపోయేది. తల్లి మెడ నిలువుగానూ కదలలేదు, అడ్డంగానూ కదలలేదు.

తలుపు పక్కన తల్లి బట్టల పెట్టె సర్ది ఉంది. మధ్యాహ్నం బస్సుకు కొడుకు ఆమెను తన ఊరికి తీసుకుపోతాడు. మళ్ళీ ఎప్పుడు పంపుతాడో అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"గది సిద్ధం చేయించాను," అన్నాడతను, గొంతు కొంచెం తగ్గించి. "కిటికీ ఉంది. గాలి బాగా వస్తుంది."

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

"పక్కింటి గోడ. గోడకేం, ప్రశాంతంగా ఉంటుంది."

కిటికీ దగ్గర చేతిరుమాలు కొంచెం బిగుసుకుంది.

"ఈ పొరతో అమ్మను ప్రయాణం చేయనివ్వను," అంది కూతురు గిన్నె అందుకుంటూ. "ఊడదీసి కొత్తది వేస్తాను. అందాకా ఆగు."

"బస్సు ఆగదు."

"బస్సుకేం, రేపూ ఉంటుంది."

*

ముందు గదే ఆమె పనిగది. అరల నిండా ఎవరెవరివో దవడల అచ్చులు, తెల్లటి సుద్దతో పోసినవి, వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. కింది అరలో మూతలు బిగించిన చిన్న గాజుసీసాలు. ఒక్కొక్క సీసాలో నీళ్ళు, నీళ్ళలో ఒక బిళ్ళ.

మెత్తటి పొర అంటే జనం నమ్మరు. పళ్ళ కింద రబ్బరేమిటని నొసలు చిట్లిస్తారు. అందుకని ఎవరికి పొర వేసినా, మిగిలిన ముద్దతో ఆమె ఒక బిళ్ళ పోసి ఉంచుతుంది. నీళ్ళలోనే ఉంచాలి, లేకపోతే బిరుసెక్కుతుంది. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు ఒకటి తీసి చేతిలో పెడుతుంది. నొక్కి చూసి, ఇంత మెత్తనా అని నవ్వితే సగం పని అయినట్టే.

కొత్త పొరకు ఏ ఛాయ కలపాలో చూసుకోవడానికి తల్లి బిళ్ళ ఉన్న సీసా తీసింది. ఇంతకుముందు గులాబీ ఎంత లేతగా ఉండేదో గుర్తు చేసుకుందామని మాత్రమే తీసింది.

బిళ్ళ గోధుమ రంగులో ఉంది.

వేరే సీసా తీశానేమో అనుకుంది. మూత మీద తన చేతిరాతే, అమ్మ అని. కిటికీ వెలుతురులో గిన్నెనూ సీసానూ పక్కపక్కన పట్టుకుంది. అక్కా చెల్లెళ్ళలా ఉన్నాయి రెండూ.

ఈ బిళ్ళ ఎవరి నోట్లోకీ వెళ్ళలేదు. ఏ దుకాణం దారీ ఎరగదు. మంచినీళ్ళు తప్ప దీన్ని తాకిందేమీ లేదు.

చిన్న కత్తితో బిళ్ళను నిలువునా కోసింది. అంచు నుంచి నడిబొడ్డు దాకా ఒకే రంగు. తర్వాత సెట్టు నుంచి పాత పొరను ఊడదీసి, దాన్నీ కోసింది. అదీ అంతే. ఆపైన సెట్టును తిప్పి, ఇన్ని రోజులుగా చూడని పైవైపు చూసింది. పన్నుకూ పన్నుకూ మధ్య సందులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"ఇంకా ఎంతసేపు?" కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. వెనక కోడలు.

"అన్నయ్యా, ఇటు రా. ఇది చూడు."

అతను చూశాడు. ఆమె చెప్పింది విన్నాడు. తర్వాత మాస్టారి మొహం పెట్టాడు. "ఒక్క బిళ్ళతో ఏం రుజువవుతుంది? నీ బల్ల మీద నీ కాఫీ ఒలికి ఉండచ్చు."

"మూత ఉంది. అయినా సరే, తక్కినవీ చూడు."

ఒక్కొక్క సీసా తీసి కిటికీ దగ్గర పెట్టింది. అదే డబ్బా పొడితో పోసినవన్నీ ఎంతో కొంత రంగు తిరిగాయి. పాతవి ముదురు, కొత్తవి లేత. వేరే రకం పదార్థంతో పోసినవి, వేడి మీద గట్టిపరిచేవి, ఇంకా గులాబీగానే ఉన్నాయి.

"ఈ పొడి గది వేడిలోనే గట్టిపడాలని అందులో ఒక మందు కలుపుతారు. పనయ్యాక అది పూర్తిగా పోదు, కొంత మిగులుతుంది. ఆ మిగిలింది రోజులు గడిచేకొద్దీ తనంతట తానే పసుపెక్కి, ముదురుతుంది."

"అంటే టీ వల్ల మారదా?"

"టీ వల్లా మారుతుంది. మారదని నేననను. కాని టీ బయటి నుంచి పడుతుంది, పండు తొక్కలా పైన ముదురుగా ఉంటుంది, లోపల లేతగా. ఇది లోపలా బయటా ఒకటే. పైగా టీ ముందు తగిలేది పళ్ళ సందులకి. అక్కడ చుక్క మరక లేదు. చిగురుకి అంటుకున్న వైపు మాత్రమే తాగే టీ ఎక్కడైనా ఉందా?"

అతను కోసిన ముక్కలు రెండూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది ముందే చూడాల్సింది నువ్వు."

"చూడాలనే తోచలేదు. నేనూ నమ్మాను."

కోడలు ఒక సీసా ఎత్తి వెలుతురుకు పెట్టింది. "పోనీ, టీ తాగలేదు. అత్తయ్య అటు వెళ్తున్నదైతే నిజమేగా? మంచినీళ్ళు తాగి వచ్చారేమో."

పుకారుకు ప్రాణం గట్టిది. ఒక కాలు విరిగితే రెండో కాలి మీద నిలబడుతుంది.

*

తల్లిని కిటికీ ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు. కూతురు పొడీ ద్రవమూ కలిపింది. ముద్ద తేనెలా జారి, చూస్తుండగానే చిక్కబడింది. దాన్ని సెట్టు లోపల పరిచి, తల్లి నోట్లో కుదిర్చి, "పళ్ళు కలిపి పట్టుకో. నేను చెప్పేదాకా నోరు తెరవకు," అంది.

మాట్లాడటానికి పళ్ళు వచ్చాయి. మాట్లాడకూడదన్న ఆజ్ఞ కూడా వెంటనే వచ్చింది.

ఆ నిశ్శబ్దంలో కొడుకు ముక్కాలిపీట లాక్కుని తల్లి పక్కన కూర్చున్నాడు.

"వీధి నవ్వుతోందనే వచ్చాననుకుంటున్నావు," అన్నాడు. "అందుకే వచ్చాను. కాని అదొక్కటే కాదమ్మా."

తల్లి కళ్ళు అతని వైపు తిరిగాయి.

"నాన్న పోయాక నా దగ్గరికి వస్తావనుకున్నాను. ఆ గదికి సున్నం అప్పుడే వేయించాను. రమ్మన్నప్పుడల్లా ఇంకోసారి అన్నావు. చెల్లి ఒంటరిదని ఆగావనుకున్నాను. తర్వాత ఈ సంగతి విన్నాను. ఎక్కడా లేని కోపం వచ్చింది. నా ఇంటికి రాలేని మనిషి, ఎవరో పిలిస్తే ఎలా వెళ్ళిందని."

కోడలు కిటికీ తలుపు అనవసరంగా సరిచేసింది.

తల్లి చేయి చాపి కొడుకు మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు, గట్టిగా. ఆ చేతిలో మందలింపు ఉందో, క్షమాపణ ఉందో అతనికి అర్థం కాలేదు.

బయట వేరే ఊరి బస్సొకటి హారను మోగించి వెళ్ళిపోయింది.

"చాలు," అంది కూతురు. సెట్టు తీసి, అంచుల మిగులు కత్తిరించి, కడిగి మళ్ళీ చేతికిచ్చింది. తల్లి మొహం పక్కకు తిప్పుకుని పెట్టుకుంది. నాలుకతో తడిమి చూసుకుంది. చేతిరుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"మెత్తగా ఉంది," అంది. పొద్దుటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"ఒరుసుకోవడం లేదుగా?"

"లేదు. ఇదీ రంగు మారుతుందా?"

"మారుతుందమ్మా."

"టీ తాగకపోయినా?"

"తాగకపోయినా మారుతుంది."

"మరి మొదటిసారి వేసినప్పుడు, టీ తగలనివ్వకు, పాడవుతుంది అన్నావు."

"అది అందరికీ చెప్పే మాటే. తాగితే కాస్త తొందరగా మారుతుంది. తాగకపోతే కాస్త నిదానంగా. అంతే తేడా."

తల్లి ఒళ్ళోని చేతిరుమాలు విప్పి, మళ్ళీ మడిచింది. కూతురు సీసాలు సర్దడం ఆపేసింది.

"అంతే తేడానా," అంది తల్లి.

"ఏమైందమ్మా?"

"ఆయన రమ్మన్నారు. మీ నాన్న గడియారం బాగు చేయించడానికి వెళ్ళినప్పుడు. గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంటే, లోపలికి రండి, టీ తాగి వెళ్దురు గాని అన్నారు. ఇంకోసారి అన్నాను."

"ఇంకోసారి అన్న మాట నీకు ఊతపదం," అన్నాడు కొడుకు. గొంతులో పొద్దుటి పదును లేదు.

"అప్పుడు గట్టి సెట్టేగా నాన్నా. వేడిగా ఏం తాగినా జారి టకటకలాడేది. ఆయన దుకాణం నిండా గడియారాలే, వాటి మధ్య నా దవడ కూడా కొట్టుకుంటుంటే ఏం బాగుంటుంది? అందుకే మెత్తటిది వేయమని మీ చెల్లిని పోరాను. వేసింది. వేసి, టీ వద్దంది. టీకి పిలిచిన మనిషి దగ్గరికి, నేను టీ తాగనండీ అంటూ ఎలా వెళ్ళను?"

కూతురు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "మరి రోజూ ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఆ దుకాణానికి ఎదురుగా బస్సులు ఆగే చోట బల్ల ఉంది కదా, అక్కడ. అక్కణ్ణించి ఆయన వంచిన తల కనిపిస్తుంది. కంటికి ఆ భూతద్దపు నల్ల గొట్టం పెట్టుకుని పని చేస్తుంటారు. అది పెట్టుకుంటే ఆయనకి ఇటు ఏమీ కనిపించదు. అందుకని చూడచ్చు. బస్సు వచ్చి ఆగితే అడ్డం వస్తుంది. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు. అది కదిలాక మళ్ళీ కనిపిస్తారు, అలాగే తల వంచుకుని. షట్టరు సగం దించాక కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అప్పుడు లేచి వచ్చేస్తాను."

వీధి మొత్తం కలిసి అల్లిన కథ కంటే ఇది చాలా చిన్నది. అయినా ఆ గదిలో దానికి చోటు చాలలేదు.

"కాదని ఒక్క మాట అనచ్చుగా అత్తయ్యా," అంది కోడలు, ఈసారి మెల్లగా. "ఇంత రభస ఉండేది కాదు."

"అనబోయానమ్మా. మేడ మీది ఆవిడ మెట్ల దగ్గర ఆపి, టీ ఎలా ఉంది అని అడిగింది, ఎగతాళిగానే. కాదు, లేదు అందామనుకున్నాను. అనలేకపోయాను. నేను వెళ్ళలేని చోటికి వీళ్ళంతా నన్ను రోజూ తీసుకెళ్తున్నారు. కూర్చోబెట్టి చేతికి గ్లాసు కూడా ఇస్తున్నారు. కాదంటే అదీ పోతుంది."

కోడలు సీసాను చప్పుడు కాకుండా అరలో పెట్టింది.

కొడుకు లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. బట్టల పెట్టె పిడి మీద చేయి వేశాడు. ఎత్తలేదు, వదల్లేదు. బస్సు వేళ దగ్గర పడుతోంది. గడియారాల దుకాణం షట్టరు దిగే వేళ కూడా అదే.

"అమ్మా," అన్నాడు వెనక్కు తిరగకుండా. "ఒక్కసారైనా? నిజం చెప్పు. వానకో, ఎండకో, ఒక్కసారైనా లోపలికి వెళ్ళలేదా?"

"లేదురా," అంది తల్లి. "షట్టరు దించాక లోపల దీపం వేసుకుంటారో లేదో కూడా నాకు తెలీదు. ఆ గడప నేను ఒక్కసారీ దాటలేదు."